పుట్టింటి చీరలు అమ్మే గది

పై గది ఎత్తేస్తున్నారన్న కబురు నాకు మొదట చెప్పింది మా షాపు మెట్ల దగ్గర చెప్పులు చూసుకునే తాత. ఆ పూట బస్సు దిగి, పట్టేసిన మోకాళ్ళు సవరించుకుంటూ వచ్చేసరికి, నేను చెప్పులు విప్పకముందే చెప్పేశాడు.

"అమ్మా, నీ గది తీసేస్తున్నారంట. లైట్లు పెట్టి, అక్కడ పెళ్ళికూతుళ్ళకి చీరలు కట్టి వీడియోలు తీస్తారంట."

"ఎవరు చెప్పారు తాతా?"

"కొలతలకొచ్చిన వడ్రంగి. శ్రావణమాసానికి రెడీ కావాలన్నారంట."

"మరి నన్నేం చేస్తారంట?"

"అది వడ్రంగికేం తెలుస్తుందమ్మా. నా చెప్పుల స్టాండు ఉంటుందో లేదో అడిగితేనే తల గోక్కున్నాడు."

నాకు నవ్వు రాలేదు. మెట్లెక్కి, గది తాళం తీసి, గోడనున్న అమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకుని, నా స్టూలు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఈ నీడ చూపించావు తల్లీ, చాలు అనుకున్నాను. అనుకున్నానే గాని తాళం చెవి చేతిలోంచి వదల్లేదు.

ఆ గది గురించి చెప్పాలి. మాది విజయవాడ వన్‌టౌన్‌లో పాత చీరల షాపు. మా వైపు ఆడమనిషికి భర్త పోతే, పదో రోజున పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి పెడతారు. ఆ చీర కొనడానికి ఎక్కువగా అన్నదమ్ములు వస్తారు. జన్మలో చీర కొని ఎరగని మగవాళ్ళు. పక్కన పెళ్ళివారు నవ్వుకుంటూ పట్టుచీరలు విప్పించుకుంటుంటే, వీళ్ళు ఏ మూల కూర్చుంటారు? మా పెద్దాయన, అంటే షాపు యజమాని, వాళ్ళ కోసమే పైన చిన్న గది విడిగా పెట్టారు.

నన్ను అందులో కూర్చోబెట్టిందీ ఆయనే. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, పద్యాలు చెప్పించారు. మాటకారితనం మాత్రం అబ్బలేదు. కింద ఫ్లోర్లో నేను చీర చూపిస్తుంటే తోటి అమ్మాయిలు, "అక్క చూపిస్తే కొందామని వచ్చినవాళ్ళు కూడా ఉపవాసం గుర్తొచ్చి వెళ్ళిపోతారు" అని ఏడిపించేవాళ్ళు. పెద్దాయన అది విని, "మాట్లాడని మనిషి కావలసిన చోటు నా దగ్గరొకటుందమ్మా" అన్నారు.

ఆ గదిలో ఎవరినీ "రండి రండి" అని పిలవం. ఎవరికి, ఎందుకు అని అడగం. మంచినీళ్ళు పెడతాం, అంతే. కింద ప్రతి చీరతోనూ పసుపు కుంకుమ పొట్లం వేస్తాం, ఇక్కడ వెయ్యం. పెళ్ళికూతురి బొమ్మ ఉన్న సంచి బదులు బొమ్మ లేని ఖాకీ కవరిస్తాం. వెళ్ళేటప్పుడు "మళ్ళీ రండి" అనం. బిల్లు పైనే రాసేవాళ్ళం, ఫోన్ నంబరు అడిగేవాళ్ళం కాదు. పెద్దాయన ఒకసారి అన్నారు: "పెళ్ళికొచ్చినవాడు రంగు చూస్తాడు, ధర చూస్తాడు. ఇలా వచ్చినవాడు మన మొహం చూస్తాడమ్మా."

ఆయన గుండె ఆపరేషన్ అయి ఇంట్లో ఉండిపోయాక, వాళ్ళబ్బాయి షాపు చూసుకోవడం మొదలుపెట్టారు. మేం చినబాబు అంటాం. చెడ్డవాడు కాదు. నేను గది సంగతి అడగడానికి వెళ్తే కుర్చీ వేయించి మరీ కూర్చోబెట్టాడు.

"అక్కా, బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త షోరూములు చూశావా? షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ వాళ్ళ ఫోన్లో ఉంటారు. పండగొస్తే ఒక్క నొక్కు నొక్కుతారు, జనం వచ్చేస్తారు. మనకి ఎవరొచ్చి వెళ్ళారో మనకే తెలీదు."

"ఆ గదికి వచ్చేవాళ్ళు మళ్ళీ రాకూడదనే కదా బాబూ మనం కోరుకునేది."

"నేను చెప్పేదీ అదే. మళ్ళీ రావద్దని కోరుకుంటూ వ్యాపారం ఎవరైనా చేస్తారా?"

కౌంటర్ దగ్గర నంబర్లు రాసుకునే పని ఇస్తానన్నాడు. అక్కడ రోజంతా నిలబడాలి. నా మోకాళ్ళకది అయ్యే పని కాదని నాకూ తెలుసు, బహుశా అతనికీ తెలుసు. గది పోతే నా ఉద్యోగం పోయినట్టే.

పై బిల్లు పుస్తకం అప్పుడే తీసేశారు. కింద కొత్త మిషన్ పెట్టారు. ఫోన్ నంబరు కొట్టకపోతే అది ముందుకి కదలదు.

ఆ రోజుల్లోనే ఉయ్యూరు పక్క పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. గడ్డం మాసి ఉంది. గోడకి ఆనుకుని కూర్చుని నేను పెట్టిన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"మా చెల్లికి వంకాయరంగు ఇష్టమండీ. ఇప్పుడు పెట్టొచ్చంటారా?"

"ఆవిడకి ఇష్టమైతే పెట్టండి బాబూ."

"మా పెద్దమ్మ తిడుతుందేమో."

"తిడితే షాపువాళ్ళు అంటగట్టారని చెప్పండి. ఆ తిట్లు మేం పడతాం."

ఆయన మొహం కొంచెం తేలికపడింది. వంకాయరంగు నేతచీర తీసుకుని దిగి వెళ్ళాడు. కింద కౌంటర్లో అమ్మాయి నంబరు అడిగింది. ఆయనకి సొంత నంబరు గుర్తు రాలేదట. నోటికొచ్చిన నంబరు ఒక్కటే, బావగారిది. పొలం పనులకీ, ట్రాక్టరుకీ ఏళ్ళ తరబడి రోజూ చేసిన నంబరు. అదే చెప్పేశాడు. ఆ బావగారు పోయినందుకే చీర కొన్నది.

మర్నాడు షాపు తెరిచిన కాసేపటికి ఫోనొచ్చింది. చినబాబు నన్ను కిందికి పిలిపించి స్పీకర్ పెట్టాడు.

"మా బావ పోతే మీకు ఆనందమా? 'మీ ఇంట శుభకార్యానికి మా షాపును ఎంచుకున్నందుకు ధన్యవాదాలు, మీ ఆనందంలో మేమూ భాగస్వాములం' అని ఆయన ఫోనుకే పంపిస్తారా? పెళ్ళికూతురి బొమ్మ కూడానా? ఇది ఫోటో తీసి అన్ని గ్రూపుల్లో పెడతాను. మీ గడప ఎవడు తొక్కుతాడో నేనూ చూస్తాను."

ఫోన్ పెట్టేశాడు. చినబాబు మొహంలో రక్తం లేదు. శ్రావణం ముందు అలాంటిది ఊరంతా తిరిగితే ఏమవుతుందో నాకంటే అతనికే బాగా తెలుసు.

"ముందు సారీ అని ఒక మెసేజ్ పెడదాం" అన్నాడు.

"మళ్ళీ ఆ ఫోనుకే పెడతారా బాబూ?"

చేతిలో ఫోను బల్ల మీద పెట్టేశాడు. "మరేం చెయ్యమంటావు?"

"మీ నాన్నగారైతే వాళ్ళింటికి వెళ్ళేవారు."

బిల్లు మీదున్న ఊరిపేరు పట్టుకుని కారులో బయల్దేరాం. కాలవకి నీళ్ళు వదిలారు, చేలల్లో నాట్లు పడుతున్నాయి. చినబాబు దారిపొడుగునా, మెసేజ్ దానంతటదే పంపేసింది, తప్పు మిషన్‌దని చెబుతూనే ఉన్నాడు. ఏదైనా మంచి పట్టుచీర తీసుకెళ్దామా అన్నాడు. "వద్దు బాబూ, ఉత్త చేతులతోనే వెళ్దాం. అక్కడ మంచినీళ్ళు కూడా అడగకూడదు. వచ్చేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదు, ఊరికే లేచి వచ్చెయ్యాలి" అని చెప్పాను. సరేనన్నట్టు తలూపాడు. అప్పటికే నా ప్రాణం అలిసిపోయింది. ఆ ఇంటి గడప ఎక్కడానికి నాకూ భయంగానే ఉంది. దారిపొడవునా అమ్మవారిని తలుచుకుంటూ కూర్చున్నాను.

గేటు దగ్గరే అన్నగారు ఎదురయ్యాడు.

"ఏంటి, ఇంకేమైనా ఆఫర్లున్నాయా? ఇంటికే తెచ్చారా?"

చినబాబు తల వంచుకున్నాడు. దారంతా మిషన్‌ని తిట్టినవాడు, అక్కడ మాత్రం, "తప్పు మాదేనండీ. మీరేమన్నా పడటానికే వచ్చాం" అన్నాడు.

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. "అన్నయ్యా, వాళ్ళని రానీ."

గోడ వారన చాపమీద కూర్చుని ఉంది. నాకంటే చాలా చిన్నది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఆ మెసేజ్ చూడగానే మా ఆయనే ఏదో కొన్నారనుకున్నానండీ" అంది. "నాకు చెప్పకుండా పట్టుచీర కొని, ఎక్కడో దాచారనుకున్నాను. ఆయనకలా దాచడం అలవాటు. కాసేపు ఆ మనిషి ఉన్నట్టే అనిపించింది. తర్వాత తేదీ చూశాను."

చినబాబు కళ్ళు తుడుచుకున్నాడు.

"గ్రూపుల్లో పెట్టొద్దని అన్నయ్యకి నేనే చెప్పాను. మీ షాపులో ఎంతమంది ఆడపిల్లలు పనిచేసుకుని బతుకుతున్నారో. నా ఇల్లు ఇలా అయిందని వాళ్ళ పొయ్యి ఆరిపోతే నాకేం ఒరుగుతుంది? ఇంకో ఇంటికి మాత్రం ఇలా రానివ్వకండి బాబూ."

"రానివ్వనమ్మా" అన్నాడు చినబాబు. మేం మాటా పలుకూ లేకుండా లేచి వచ్చేశాం.

కంకిపాడు దాటాక చినబాబు అడిగాడు.

"ఏం అనకూడదో, ఎలా లేచి రావాలో, ఇవన్నీ నాన్న నీకెప్పుడు నేర్పారక్కా?"

"నేర్పలేదు బాబూ. ఆయన్ని చూస్తూ ఉన్నాను."

"పోన్లే, ఆ గది ఉండనీ" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ దాచడమెందుకు, గది పోతే ఇంటిపట్టున ఉండి, తీరిగ్గా పూజ చేసుకుని, కాళ్ళు చాపుకోవచ్చనే ఆశ నాలో ఒక మూల పుట్టింది. ఎన్నో ఏళ్ళుగా రోజుకొకరి దుఃఖానికి ఎదురుగా కూర్చున్నాను. అది ఒంట్లోకి దిగుతుంది. అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటూనే నిట్టూర్చాను. ఆవిడ రెండూ విన్నదనే అనుకుంటున్నాను.

బిల్లు పుస్తకం మళ్ళీ పైకొచ్చింది. పెళ్ళికూతుళ్ళ వీడియోలు కింద గోడౌన్ పక్కన తీస్తున్నారు, అమ్మాయిలు సరదాపడి మరీ తీయించుకుంటున్నారు, మంచిదే. చినబాబు అప్పుడప్పుడూ పైకొచ్చి నా పక్కన కూర్చుంటాడు. మొదట్లో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఈమధ్య మంచినీళ్ళు తనే పెడుతున్నాడు. దీనివల్ల వ్యాపారం పెరిగిందా అని మా బంధువులు అడుగుతుంటారు. నాకు తెలియదు. ఆ రోజు మా షాపుని నిలబెట్టింది మాత్రం మా తెలివి కాదని తెలుసు.

ఇది చదివేవాళ్ళలో షాపులు నడిపేవాళ్ళుంటారు, ఫోన్లకి ప్రకటనలు పంపేవాళ్ళుంటారు. మీకు ఒక్క మనవి. ఉయ్యూరు పక్క పల్లెలో, భర్త పోయిన వారంలోనే, ముక్కూ మొహం తెలియని సేల్స్ గర్ల్స్ బతుకు గురించి ఆలోచించిన ఆవిడ ఒకరున్నారు. పేరు రాస్తే ఒప్పుకోదు. పేరు లేకపోయినా ఫరవాలేదు, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.