గోడ అవతలి పుట్టిల్లు

నా చిన్నప్పుడు, మన భాష కాని ఊరు సంత్రాగాఛిలో, రైల్వే క్వార్టర్లలో, మా నాయనమ్మ మాటకు తిరుగు లేదు. మేం ముగ్గురం ఆడపిల్లలం. చిన్నదానికి ఎనిమిదో నెల. దాని కాన్పులో రక్తం పోయి మా అమ్మ చచ్చి బతికింది. వెంటనే మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ నాన్నతో చెప్పడం నేనూ విన్నాను. రైళ్లకు జెండా ఊపే మనిషే గానీ, తల్లి ముందు నాన్నకు నోట్లో నాలుక లేదు.

నాయనమ్మకు మనవడు కావాలి. బిడ్డ పాలు తాగినన్నాళ్లూ కడుపు నిలవదని ఆవిడ నమ్మకం. అందుకే ఒక ఉదయం వేపాకు నూరి ఆ ముద్ద అమ్మ ముందు పెట్టింది. రొమ్ములకు రాసుకుంటే చేదుకి పిల్ల తనే మానేస్తుందట! చంటిది ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ చచ్చిపోతుందన్న భయం ఒక్కటే నాకు తెలిసింది. పరుగెత్తి పక్కింటి మామ్మకు చెప్పేశాను.

మామ్మ సందేశ్ మిఠాయి పొట్లం తెప్పించి, పసుపు కుంకుమ, కొత్త చీర పళ్లెంలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. రోజూ నాయనమ్మను అక్క వరసన అప్పా అని పిలిచే మనిషి, ఆవేళ వియ్యపురాలై వరస మార్చేసింది.

"ఒదినా, నీ కోడలికి తల్లి నేదు. పురిటికి పుట్టింటికెల్లనేదు. ఆ పుట్టిల్లు నాదే. పిల్ల నడిసేదాకా పంపించు."

మా వాళ్లలో పసుపు కుంకుమతో పుట్టింటివారు వచ్చి అడిగితే, ఎంత గయ్యాళి అత్తయినా కాదనకూడదు. నాయనమ్మకు ఒళ్లు మండిపోయింది.

"మగపిల్లోడొద్దేటి? ఏడుగుర్ని కన్లేదేటి నాను?"

"కన్నావొదినా. మిగిలినోలెందరు?"

ఏడుగురిలో మిగిలింది మా నాన్న ఒక్కడే. నాయనమ్మ లేచి, వేపాకు ముద్ద తనే తీసుకెళ్లి పెరటి కాలవలో పడేసింది.

అమ్మ గోడ అవతల మామ్మ ఇంట్లో, పిల్ల నడిచి పరుగెత్తేదాకా, దాదాపు ఏడాది ఉంది. నాన్న కొత్తల్లుడిలా వచ్చి, టీ తాగి, సిగ్గుపడుతూ వెళ్లిపోయేవాడు. "పాలనే నమ్ముకోకే, పిల్ల అన్నం తిన్నాక అవి కాపలా కాయవు" అని మామ్మే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లి, కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉండే ఉపాయం అడిగించింది.

ఇప్పటికీ ఇక్కడి మన వాళ్లలో తల్లి లేని కోడలు నీళ్లోసుకుందంటే పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని వెళ్తాను. నేను కన్నది ఒక్కణ్ణే. అమ్మా అని పిలిచే కూతుళ్లు మాత్రం నలుగురున్నారు.