లోడు కింద మనిషి

ఒక ఆదివారం ఉదయం ఐదూ ఇరవైకి మా నాన్న డాబా అంచున నిలబడి, కుడిచెయ్యి పక్కకు చాపి, అరచేతిని నేలవైపు తిప్పి, అటూ ఇటూ ఊపాడు. కింద పెరటి గుమ్మంలో ఉన్న అమ్మ అది చూసి నీళ్ళ మోటారు ఆపింది. ట్యాంకు నిండిందన్నమాట. ఇద్దరూ నోరు విప్పలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో చాలా పనులు అలాగే జరిగేవి. నాన్న పోర్టులో సిగ్నల్ మేన్. ఓడ మీద నిలబడి, సరుకు నింపే అరలోకి చూస్తూ, పైన ఎక్కడో అద్దాల గదిలో కూర్చున్న క్రేను డ్రైవరుకు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చేత్తో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ చప్పుడులో నోటితో చెప్పినా వినపడదు. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తు, కిందికి పెట్టి తిప్పితే దించు, ఒక చేతి మీద రెండో చెయ్యి కదలకుండా ఉంచితే మెల్లగా. ఏళ్ళ తరబడి అలా చెప్పీ చెప్పీ, మాటలు మరీ అంత అవసరమైనవి కావని ఆయనకు అనిపించి ఉంటుంది. భోజనం దగ్గర అమ్మ ఆయన మొహంవైపు కాక చేతివైపు చూసి వడ్డించేది. (మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఆయనకు కోపమొచ్చిందనుకుని ఒక పూట ముందే వెళ్ళిపోయేవారు. అమ్మ వాళ్ళ అపోహ తీర్చేది కాదు.)

అప్పుడు నాకు పన్నెండేళ్ళు దాటాయి. బీచ్ వైపు ఒక స్కూలు మైదానంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు నడిచేది. నేను ఆ క్లబ్బులో ఉన్నాననడం కన్నా దాని బెంచీ మీద ఉన్నాననడం సరైనది. ఆదివారాలు తెల్లవారకముందే గోపాలపట్నంలో స్కూటరెక్కి, పోర్టు రోడ్డు మీదుగా, వన్ టౌన్ సందుల్లో షట్టర్లింకా తెరవని దుకాణాల ముందునుంచి సముద్రం వైపు వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రయాణాలన్నీ కలిసి ఒకే ప్రయాణంగా కనిపిస్తాయి. నా గడ్డం నాన్న వీపుకు ఆనుకుని ఉంటుంది. సగం నిద్రలో ఉంటాను. ఎర్రటి దుమ్ము వాసన పోయి ఉప్పుగాలి తగిలితే వచ్చేశామని కళ్ళు తెరవకుండానే తెలుస్తుంది. దూరంగా లంగరు వేసిన ఓడలు నీటి మీద కాకుండా గాల్లో నిలబడినట్టుంటాయి. నాన్న అక్కడ స్కూటరు కాస్త మెల్లగా నడుపుతాడు. ఎందుకని నేను అడగలేదు.

మైదానంలో సున్నం గీత బయట తల్లిదండ్రులు నిలబడేవారు. మా ఆట కన్నా వాళ్ళ కష్టాలే ఎక్కువ రసవత్తరంగా ఉండేవని ఇప్పుడనిపిస్తుంది. ప్రాక్టీసు వేళ రాత్రికి రాత్రి మారిపోయేది. జెర్సీ రంగు ఏడాదిలో రెండుసార్లు మారింది, రెండుసార్లూ అది ఒకే ఒక్క దుకాణంలో దొరికింది. కోచ్ సార్ దగ్గర సాయంత్రాలు విడిగా నేర్చుకునే పిల్లలు మొదటి టీములో ఉండేవారు, మిగతావాళ్ళం రెండో టీము. రెండో టీములోనూ మిగిలినవాళ్ళం బెంచీ. ఆయన మూడో మాటకల్లా డిసిప్లిన్ అనేవారు కాబట్టి మాకు ఆయన డిసిప్లిన్ సార్.

"బావా, మీ గుంటనేటైనా ఆడించాడేటి ఈ వారం?" అనేవాడు థర్మాస్ బాబాయ్. ఆయనది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, ఎక్కడికొచ్చినా చేతిలో టీ థర్మాసుండేది.

నాన్న తల అడ్డంగా ఊపేవాడు.

"మాదీ అంతే. గంటన్నర పెయానం, పది నిముసాల ఆట. ఆ పదీ కూడా బంతి దాని కాడికి రాదు. నాను అడిగితే డిసిప్లినంటాడు."

"మా గుంట పడవకన్నా బేగి ఎల్తాది," అనేది జాలరిపేట అప్ప. ఆమె కూతురు మా అందరికన్నా బాగా ఆడేది. "ఐనా కూకోబెట్టీసినాడు. లేటొచ్చిందంట. సేపలు దించుకుని రావాల గదన్నా. సేపలకి టైమేటి తెల్సు?"

ఇలా గుమిగూడిన కడుపుమంట ఆట మొదలవగానే కేకలై బయటికొచ్చేది. కొట్టు, ఇటివ్వు, దానికివ్వకు, నిద్రపోతున్నావా అని నాలుగు వైపుల నుంచీ అరుపులు. మేము ఎవరి మాట వినాలో తెలియక బంతి దగ్గర గుంపుగా నిలబడేవాళ్ళం. చివరికి డిసిప్లిన్ సార్ అందరినీ పిలిచి, ఇకపై గీత బయటి నుంచి ఎవరి గొంతు వినపడితే వాళ్ళ పిల్ల ఆ రోజు ఆడదని చెప్పేశారు. మరుసటి ఆదివారం మైదానం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అలల చప్పుడు వినపడింది. అందరి నోళ్ళూ మూతపడ్డాక మా నాన్న చేతులు కనపడ్డాయి.

అవి అంతకు ముందూ కదులుతూనే ఉండి ఉంటాయి. నేను తప్ప ఎవరూ చూడలేదు.

"ఒలే, మీ నాన్న ఏటలా తిప్పతన్నాడు?" అంది బెంచీ మీద నా పక్కన కూర్చున్న జాలరిపేట పిల్ల.

"దించమంటున్నాడు."

"ఏటి దించాల?"

"బంతి. నేల మీద ఆడమని."

నాన్నకు ఫుట్‌బాల్ ఒక్క ముక్క తెలియదు. బంతిని ఆయన సరుకుగా చూసేవాడు. సరుకు గాల్లో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది, ఆయన సిద్ధాంతం అంతే. ఆ సలహా సగంసార్లు పనికొచ్చేది, సగంసార్లు కొంప ముంచేది. అన్ని సలహాల లాగే. కానీ అరవని పెద్దమనిషి ఆయనొక్కడే కాబట్టి పిల్లలకు నచ్చాడు. నెల తిరిగేసరికి బెంచీ మీద నేను బడి పెట్టాను. ఎత్తు, దించు, మెల్లగా, ఆపు, అన్నీ వచ్చేశాయి వాళ్ళకు. అన్నిటికన్నా నచ్చింది మాత్రం చివరి సైగ. రెండు చేతులూ బారచాపి, అరచేతులు నేలకు తిప్పి, ఊపడం. ఎక్కడిదక్కడ ఆపెయ్యమని అర్థం. మిగతా సైగలు సిగ్నల్ మేన్ ఒక్కడే చెయ్యాలి, ఇది మాత్రం రేవులో ఎవరు చేసినా, టీ అమ్మేవాడు చేసినా, క్రేను ఆగాలి. ఎందుకని అడగకూడదు. "లోడు కింద మనిసుంటే అడగడానికి టైముండదమ్మా. ముందాగు, ఆనక అడుగు," అని నాన్న చెప్పిన మాటను నేను యథాతథంగా బోధించాను. ఒకళ్ళం చేతులు చాపితే మిగతావాళ్ళం బొమ్మల్లా నిలబడిపోవడం, కదిలినవాళ్ళు ఓడిపోవడం. బెంచీ మీద పిల్లలకు అంతకన్నా పనేముంటుంది.

ఇంతకూ నాన్న డాబా మీంచి మోటారు ఆపించిన ఆ ఆదివారం సంగతి. హైదరాబాదులో పోటీలున్నాయి. రెండో టీములోంచి కూడా కొందరిని తీసుకెళ్తానని, ఆ రోజు ఆట చూసి పేర్లు చెబుతానని సార్ అన్నారు. నాన్న డ్యూటీ మార్చుకున్నాడు. డాబా దిగి వచ్చి, స్కూటరు తీస్తూ, అమ్మతో నోటితో అన్నాడు: "ఈరోజైనా ఆడిత్తాడంటావా?" ఆయన చేతులు వాడకుండా అడిగాడంటే అది పెద్ద విషయమని నాకు అర్థమైంది. అమ్మ నా జడ గట్టిగా లాగి కట్టింది.

వేరే క్లబ్బుతో ఆట. రెండు వైపులా ఒక్కో గోలు. సగం అయ్యాక సార్ బెంచీ వైపు చూసి, వేరెవరో దొరుకుతారేమోనని ఇంకోసారి చూసి, నన్ను లెమ్మన్నారు. నేను గీత దాటుతూ నాన్నవైపు చూశాను. ఆయన రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. మెల్లగా.

తరవాత జరిగింది నాకు నీళ్ళలోంచి చూసినట్టు గుర్తుంది. జాలరిపేట పిల్ల బంతిని ముగ్గురి మధ్యలోంచి లాక్కొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నా ముందు ఎవరూ లేరు. గోలు కూడా ఖాళీగా ఉన్నట్టే ఉంది, ఎందుకంటే వాళ్ళ గోల్‌కీపరు, మా భాషలో గోలీ, స్తంభం పక్కన నేలకు వంగిపోయి ఉంది. ఎందుకు వంగిందో నేను ఆలోచించలేదు. వెలుతురు తెల్లగా ఉంది, గాలి సముద్రం మీదనుంచి వస్తోంది, బంతి తనంతట తాను దొర్లుతోంది. కాలు కాస్త ఆనిస్తే చాలు. హైదరాబాదు రైలు కిటికీ కూడా నాకు కనపడింది. ఆ కిటికీ పక్కనే, గీత బయట, మా నాన్న రెండు చేతులూ బారచాపి ఊపుతున్నాడు.

నేను ఆగిపోయాను.

నేనొక్కదాన్నే ఆగి ఉంటే అది చిన్న కథ. మా టీము మొత్తం ఆగిపోయింది. అటు పక్కనున్న మా గోలీ కూడా, ఒక కాలు ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది. (గీత బయట థర్మాస్ బాబాయ్ కప్పులోకి టీ వంచుతున్నవాడు కూడా ఆపేశాడని తరవాత చెప్పుకున్నారు. నేను చూడలేదు.) మా బడిలో చదువుకోని అవతలి పిల్లలు కాసేపు మమ్మల్ని ఆశ్చర్యంగా చూసి, ఒక అమ్మాయి మొహమాటంగా వచ్చి నా కాళ్ళ దగ్గర బంతి తీసుకుని, మైదానం ఆ చివరిదాకా ఎవరూ అడ్డం రాకుండా తీసుకెళ్ళి, గోలు కొట్టింది. కొట్టాక కూడా వెనక్కి తిరిగి మావైపు అనుమానంగా చూసింది.

"ఎందుకాగారు?" అన్నారు డిసిప్లిన్ సార్, చాలా మెల్లగా.

"అంకుల్ ఆపమన్నారు సార్," అంది మా టీము, ఒకే గొంతుతో. అంత డిసిప్లిన్ ఆయన మాలో అంతకు ముందెప్పుడూ చూసి ఉండరు.

నాన్న అప్పటికే గీత దాటి గోలు దగ్గరికి పరిగెత్తాడు. "ఏటైందమ్మా? దెబ్బ తగిల్నాదేటి?"

ఆ పిల్ల తలెత్తింది. "దిద్దు పడిపోయిందండి. మా అమ్మమ్మది. ఇంట్లో చంపేస్తారు." ఆటలో దిద్దులు పెట్టుకోకూడదు. జుట్టు కింద దాచుకుని ఆడుతోంది పాపం.

ఆ తరవాత అర్ధగంట ఆట లేదు. రెండు క్లబ్బుల తల్లిదండ్రులూ, అంతవరకు ఒకరినొకరు ఓరగా చూసుకున్నవాళ్ళు, గోలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎర్రమట్టిని వేళ్ళతో దువ్వారు. ఎండ ఇంకా వేడెక్కలేదు. ఎవరి నీడలు వాళ్ళకన్నా పొడుగ్గా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే నాట్లు వేస్తున్నట్టుంది. నోరు తెరవకూడదన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు.

"మీ సార్ కూడా జెర్సీలు మారుస్తాడేటండీ?"

"మార్చడమేటి, బూట్లు కూడా ఆయన చెప్పిన కాడే కొనాల."

"మరి మీ పాప ఆడతాదా?"

"గోలీ గదా, కూకోబెట్టలేరు. అందుకే గోలీని చేసినాం," అన్నాడు దిద్దు పోగొట్టుకున్న పిల్ల తండ్రి. ఆ తెలివి తమకెందుకు తట్టలేదా అని మా వైపువాళ్ళు మట్టిలోంచి తలలెత్తి ఆయన్ని గౌరవంగా చూశారు.

చివరికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడానికి చేతి గ్లౌజు తీసింది. దిద్దు అందులోంచి కింద పడింది.

"మా తల్లే," అంది జాలరిపేట అప్ప, నడుం పట్టుకుని లేస్తూ. "వల ఏసినోడి బుట్టలోనే ఉన్నాది సేప."

ఆట ముగిశాక సార్ పేర్లు చదివారు. జాలరిపేట పిల్ల పేరుంది. నా పేరు లేదు. నాన్నను పక్కకు పిలిచి, ఇకపై గేటు లోపలికి రావద్దని మర్యాదగానే చెప్పారు. నాన్న సరే సార్ అన్నాడు. తిరుగు దారిలో ఓడలు కనపడే చోట స్కూటరు ఆపాడు.

"నాకు వంగిన మనిసే కనపడిందమ్మా. దిద్దు కనపడనేదు."

"తెలుసు నాన్నా."

"నువ్వెందుకాగావు మరి? ఆట గదా."

"ముందాగమన్నావు కదా. తరవాత అడగమన్నావు."

ఆయన ఓడలవైపే చూస్తూ చూపుడువేలు పైకెత్తి గాల్లో చిన్న సున్నా చుట్టాడు. ఎత్తు. నేను స్కూటరెక్కాను.

ఆ తరవాతి ఆదివారం నుంచి నాన్న మైదానం గోడ బయట స్కూటరు స్టాండు వేసి, దాని మీదెక్కి నిలబడేవాడు. గోడ ఎత్తు వల్ల ఆయన మొహం కనపడేది కాదు. రెండు చేతులు మాత్రం ఉదయపు ఆకాశంలో ఎత్తుతూ, దించుతూ ఉండేవి. మేమంతా గోడవైపు ఎందుకు చూస్తామో సార్‌కు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయనకు అరిచి అరిచి గొంతు పోయింది. ఒకరోజు ఆయనే చెయ్యి చాపి, అరచెయ్యి నేలకు తిప్పి ఊపారు. టీమంతా ఆగింది. ఆయన తన చేతిని కాసేపు అలాగే చూసుకున్నారు.

నాన్న పోయిన ఏడాది వెళ్ళిపోయాడు. చివరి రోజుల్లో మాట పడిపోయింది, దానివల్ల మాకు పెద్ద ఇబ్బందేమీ కలగలేదు. ఒకరోజు ఆయన వేలు పైకెత్తి తిప్పుతుంటే, పైకి వెళ్ళిపోతానంటున్నారని నర్సు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచం తలవైపు కాస్త ఎత్తమంటున్నారమ్మా అని అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆదివారాలు నేను మా అన్న కూతుర్ని ఫుట్‌బాల్ క్లబ్బుకు తీసుకెళ్తున్నాను. మైదానం వేరు, జెర్సీల గొడవ అదే. పుస్తకం ఒకటి పట్టుకెళ్ళి ఒక మూల కూర్చుంటాను, పేజీ తిప్పను. మొన్న దాన్ని బెంచీ మీదే ఉంచేశారని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నేను పొడుగాటి మెసేజి పెట్టాను. పెట్టాక చదువుకుంటే అది అచ్చం థర్మాస్ బాబాయ్ గొంతులో ఉంది. పోయిన వారం దాన్ని ఆడించారు. బంతి వెంట గుడ్డిగా పరిగెత్తుతుంటే నాకు తెలియకుండానే లేచి, ఒక చేతి మీద రెండో చెయ్యి పెట్టాను. అది చూసింది. ఆట అయ్యాక వచ్చి, "ఏంటత్తా, దోమలా?" అంది. అవునన్నాను.

ఇంట్లో అమ్మా నేనూ ఉంటాం. పొద్దున్నే మోటారు వేస్తాం, నీళ్ళు గోడ మీంచి కారే చప్పుడు విని కట్టేస్తాం. డాబా మీద నిలబడి ఎవరూ చెయ్యి చాపరు.