ఉప్మా తిన్న ఒక్కపొద్దు

ఈ సంగతి జరిగినప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు వేలిముద్ర వెయ్యడం తప్ప వేరే రాత రాదు. ఇంట్లో చదువంతా పదో తరగతి ప్యాసైన మా ఆయన దగ్గరే ఉండేది. దాన్ని ఆయన కళ్ళజోడుతో పాటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

నా పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. ఒకటి జారి పైత్యరసం పోయే గొట్టానికి అడ్డం పడితే కళ్ళు పచ్చబడ్డాయి. గిద్దలూరు నుంచి ఒంగోలు పోయాం. నోట్లోంచి కెమెరా గొట్టం దింపి ఆ రాయి లాగేశారు. "మిగిలినవీ ఎప్పుడైనా జారొచ్చు. ఆలస్యం వద్దు. నాలుగు చిన్న బెజ్జాలు పెట్టి పిత్తాశయమే తీసేస్తాం" అన్నాడు డాక్టరు.

ఆపరేషన్‌కు ముందురోజు నర్సు ఒక చీటీ ఇచ్చింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, కోర్టు తీర్పులాగా లోపల్లోపలే చదువుకున్నాడు.

"ఏముందయ్యా అందులో?"

"ఏముంది, రేపు పొద్దున ఏం తినగూడదంట. ఒక్కపొద్దే!"

ఒక్కపొద్దు నాకు కొత్తా? పెళ్ళైనప్పటి నుంచి ప్రతి శనివారం ఉంటున్నాను. మా ఇళ్ళల్లో అన్నం ముట్టకపోతే ఒక్కపొద్దే. ఉప్మా, టీ లెక్కలోకి రావు. పొద్దున్నే ఆయన క్యాంటీన్ నుంచి రెండూ తెచ్చాడు. భక్తిగా తిన్నాను.

థియేటర్ దగ్గర మత్తు డాక్టరమ్మ అడిగింది, "ఏమన్నా తిన్నావా అమ్మా?"

"లేదమ్మా, ఒక్కపొద్దున్నా. రోంత ఉప్మా, టీ. అంతే."

ఆమె సూది పక్కన పెట్టేసింది. "మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరా?"

తలుపు దగ్గరున్న చదువుకున్నాయన ఫ్యాను వైపు చూశాడు.

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. ఆ రోజంతా డొక్కలో చిన్న పోటు వచ్చినా ఇంకో రాయి జారిందేమోనని నర్సును పిలిచాను. పక్క మంచం మీది కనిగిరి అక్క మాత్రం కుట్లు పట్టుకుని నవ్వింది.

"అన్నా, ఆ చీటీలో ఉప్మా తినమని యాడ రాసినారో చూపీ!"

"అన్నం తిన్లేదు గదమ్మా" అన్నాడాయన, ఇంకా పట్టు వదలకుండా.

మర్నాడు పొద్దున ఫ్లాస్కుతో మళ్ళీ వచ్చాడు. "టీ అంటే నీళ్ళే గదా. గుక్కెడు తాగు, నీరసంగా ఉండావు."

ఆయన జేబులోంచి చీటీ నేనే తీసుకుని నర్సుతో రెండుసార్లు చదివించుకున్నాను. మంచినీళ్ళు కూడా తాగరాదన్న వరుస ఏదో వేలు పెట్టి చూపించమన్నాను. దాని కింద గోటితో గీత గీసి, చీటీ ఆయన చేతిలో పెట్టాను. ఆ టీ నా ఎదురుగా ఆయన చేతే తాగించి, ఎండిన నాలుకతో థియేటర్‌లోకి నడిచాను.