రెండు జనవరుల క్యాలెండరు

ఆదోనిలో మేకు కొట్టిన ప్రతి గోడకూ ఒక ఏడాదంతా నేను కట్టిన క్యాలెండరే వేలాడింది. క్యాలెండర్ల పనిలో శివకాశిని ఓడించి పంపినవాణ్ణి నేను. ఈ మాట మా వీధిలో ఎవరికి చెప్పినా తల ఊపుతారు. ఊపకపోతే మళ్లీ మొదటినుంచి చెబుతానని వాళ్లకు తెలుసు.

నాది బైండింగు పని. అచ్చయి వచ్చిన కాగితానికి మడత, కోత, పిన్ను, అట్ట, అన్నీ మా ఇంటి ముందుగదిలోనే. ఎక్కువగా పొలానికి మందు కొట్టే యంత్రాల మాన్యువల్ పుస్తకాలు చేస్తాను. వాటికి పెద్ద షీటు మీద పేజీలు వరసగా ఉండవు. మొదటి పేజీ పక్కన చివరి పేజీ ఉంటుంది, ఒకటి నిటారుగా ఉంటే ఇంకొకటి తలకిందులుగా ఉంటుంది. మడిచి కోస్తేనే వరసలోకి వస్తాయి. అందుకని అచ్చుకు ముందే తెల్లకాగితం మడిచి, అంకెలు వేసి, డమ్మీ తయారుచేసి ప్రెస్సుకు ఇవ్వాలి. డమ్మీ లేకుండా నేను ఏ మాన్యువలూ ముట్టుకోలేదు. క్యాలెండరుకు మాత్రం ఎందుకనుకున్నాను. పన్నెండు కాగితాలు, పైన ఒక టిన్ను పట్టీ, నడుమ కొక్కెం. దానికీ ప్లానా?

ఆర్డరిచ్చింది మార్కెట్ యార్డు దగ్గరి పత్తి దుకాణం. ఇద్దరు భాగస్తులు. ఒకాయన ఇంట్లో చదివేది తెలుగు, ఇంకొకాయన ఇంట్లో ఉర్దూ. ఏటా శివకాశి నుంచి తెలుగు క్యాలెండర్లు తెప్పించేవారు. ఈసారి ముందు వైపు తెలుగు, వెనక వైపు ఉర్దూ కావాలన్నారు. ఎవరికి కావలసిన వైపు వాళ్లు తిప్పి తగిలించుకుంటారు. "ఇంతదానికి శివకాశి ఎందుకప్పా, మన ఊర్లో సేతులు లేవా" అని నేనే వెళ్లి ఆ పని లాక్కొచ్చాను. తెలుగాయన ఒకటే మాట చెప్పాడు.

"సరే, ఈ తూరి నీకిస్తాండాం. తేడా వస్తే మల్లా మా గడప తొక్కొద్దు."

అచ్చు ఎమ్మిగనూరులో. ప్రెస్సు అతను ఫోన్ చేసి "అన్నా, ఎనకాల ఏ నెల ఎయ్యాల?" అన్నాడు. "జనవరి ఎనక జనవరి, ఫిబ్రవరి ఎనక ఫిబ్రవరి. ఇదీ అడగాల్నా" అని కసిరాను. కట్టలు బస్సు మీద వచ్చాయి. మొదటి క్యాలెండరు కట్టి, చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్లాను.

తెలుగాయన చూసి బాగుందన్నాడు. ఉర్దూ ఆయన తిప్పి చూసి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమన్నా, మా ఇండ్లల్లో సంవత్సరం డిసెంబరుతో మొదులైతాదా?"

"యాడ?"

"ఈడ. ఇది డిసెంబరు, దీని కింద నవంబరు. మేము నెలనెలకూ సిన్నోళ్లమైపోతాండామా ఏంది?"

నాకు ఉర్దూ చదవడం రాదు గానీ, ఆ అవసరం లేకుండానే అర్థమైంది. తెలుగు వైపు అన్నిటికన్నా పైన ఉండేది జనవరి కాగితం. క్యాలెండరును తిప్పితే పైకి వచ్చేది డిసెంబరు కాగితం వీపు. ఆ వీపు మీద ఉర్దూ జనవరి ఉండాలి. నేను ఉర్దూ డిసెంబరు వేయించాను.

"శివకాశోళ్ల నంబరు ఇంకా నా ఫోన్లోనే ఉంది" అన్నాడు తెలుగాయన, గోడతో మాట్లాడుతున్నట్టు.

"ఇది శాంపులప్పా. శాంపులంటే ఇట్లే ఉంటాది. రేప్పొద్దున సూడండి" అని బయటపడ్డాను.

ఇంట్లో పొడుగు బల్ల మీద జనవరి నుంచి డిసెంబరు దాకా కాగితాల గుట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. మా ఆవిడ, ఆమె చెల్లెలు బల్ల వెంబడి నడుస్తూ, ఒక్కో గుట్ట నుంచి ఒక్కో కాగితం తీసి ముందుదాని కిందికి తోస్తారు. కొస చేరేసరికి ఒక క్యాలెండరు తయారు. మళ్లీ అచ్చు వేయించడానికి కాగితమూ లేదు, రోజులూ లేవు. నేను చేతులు కట్టుకుని బల్ల ముందు సేనాపతిలా నిలబడ్డాను. తట్టింది.

"నువ్వు జనవరి నుంచి కాదు, డిసెంబరు కొసనుంచి నడువు" అన్నాను మా ఆవిడతో. ఆమె నడిచింది. ఆమె చేతి కట్టలో అన్నిటికన్నా పైన తెలుగు డిసెంబరు. దాన్ని తీసుకుని బోర్లా తిప్పాను. పైన ఉర్దూ జనవరి, దాని కింద ఉర్దూ ఫిబ్రవరి.

ఆ తర్వాత మా గది చూడాలి. చెల్లెలు జనవరి నుంచి ఇటు, అక్క డిసెంబరు నుంచి అటు. జూన్ దగ్గర ఇద్దరూ ఎదురుపడి "జరుగక్కా", "నువ్వే జరుగు, నాది దూరం" అని భుజాలు రాసుకుంటూ నడిచారు. సగం తెలుగు జనవరితో మొదలయ్యేవి, సగం ఉర్దూ జనవరితో మొదలయ్యేవి. ఒక్క కాగితం పారేయలేదు. నేను పట్టీలు కొట్టి కొక్కేలు వేశాను.

పొద్దున దుకాణంలో రెండు రకాలూ పక్కపక్కన తగిలించాను. ఎవరి భాష వాళ్లకు, తిప్పుకునే పని కూడా లేదు. ఉర్దూ ఆయన నమ్మకం లేక డిసెంబరు దాకా ఒక్కో కాగితమూ ఎత్తి చూసుకున్నాడు.

"ఇప్పుడు సరిగ్గా ముసలోళ్లమైతాండాం" అన్నాడు.

తెలుగాయన టీ తెప్పించాడు. గ్లాసు ఖాళీ కాకముందే "వచ్చే ఏడాదీ నువ్వే సెయ్యి" అన్నాడు. ఇంటికి వస్తూ ఆ మాట టీ కొట్టులో చెప్పాను, కిరాణా కొట్టులో చెప్పాను, బస్టాండు దగ్గర ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లను ఆపి మరీ చెప్పాను.

ప్రతి గోడకూ అన్నాను గదా, అంత లేదు. ఆ దుకాణానికి పత్తి వేసే రైతుల ఇళ్లు, కోసిగి నుంచి మద్దికెర దాకా అక్కడొకటి ఇక్కడొకటి. ఓడిపోయినట్టు శివకాశికి తెలిసి కూడా ఉండదు. అయినా ఆ దుకాణం క్యాలెండర్లు ఇప్పటికీ మా బల్ల మీదే తయారవుతున్నాయి. డమ్మీ చేసి మరీ ప్రెస్సుకు ఇస్తున్నాను.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చివరిదాకా విని అంది:

"నడువమని నువ్వెప్పుడు సెప్పినావు? జనవరి కాడ అడ్డంగా కుర్చీ ఏసుకొని, తల పట్టుకొని కూసున్నావు. తెలుగువన్నా ఏరుదాం, దావియ్యప్పా అంటే ఉలకవు, పలకవు. ఇంగేం సేసేది, ఆ కొసనుంచి మొదులుపెట్టినా. పైన డిసెంబరు సూసి నన్ను తిట్టను గూడా తిట్టినావు."