ఎత్తుకున్న పాట

బడికి పోయే వయసులో నేను సిరిసిల్ల పక్క ఊళ్లో అమ్మతో కూర్చుని మగ్గం కండెలకు నూలు చుట్టాను. అక్షరాలు నేర్చుకున్నది నిరుడు, మనుమరాలి దగ్గర. అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మొన్న తంగేడుపూలు సర్దుతుంటే మనుమరాలి ఫోన్‌లో బతుకమ్మ పాట మోగింది. "మగ్గమే తోటాయె ఉయ్యాలో..." నా చేతులు ఆగిపోయాయి. అది మా అమ్మ కట్టిన పాట. కింద రచన అని ఉన్నచోట పేరు కూడబలుక్కుని చదివాను. మా ఊరి దొరసాని పేరు.

చిన్నప్పుడు ఒక సాయంత్రం పక్కింటి అత్త వాకిట్లో నుంచి అమ్మను కేకేసింది.

"ఓ వదినె, దొరసాని నీ పాట ఎత్తుకున్నది."

పాడడం మొదలుపెట్టిందని ఆమె మాటకు అర్థం. గంపలో పెట్టి ఎత్తుకుపోయిందని నేననుకున్నాను. ఉరుక్కుంటూ పోయి అమ్మ ముందు నిలబడ్డాను.

"అమ్మా, నోరు తెరువు. పాట ఉన్నదా?"

"యాడికి పోతది బిడ్డా, గీడనే ఉన్నది," అని అమ్మ నవ్వి, పాడి వినిపించింది. నా గుండె కుదుటపడింది.

మరుసటేడు బతుకమ్మ చుట్టూ అమ్మ అదే పాడితే, "దొరసాని పాట మంచిగ నేర్చినవే," అన్నారు ఆడవాళ్లు. ఈసారి అమ్మ నవ్వలేదు. మళ్లీ ఆ పాట పాడలేదు.

నేను తప్పుగా అర్థం చేసుకున్న మాటే నిజమైంది.

మొన్న ఫోన్‌లో ఆ పేరు చదివాక రోజంతా కాలు నిలవక ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను.

"ఎప్పటి ముచ్చటనో, ఇంక ఇడిసిపెట్టు బాపమ్మా," అన్నది మనుమరాలు.

తెల్లారగానే దాని ఫోన్ అడిగి తీసుకుని, ఆ పాట కింద కామెంట్లో, కట్టింది ఈమె అని అమ్మ పేరు రాశాను. ఒక ఒత్తు తప్పు పడింది. మనుమరాలు దిద్దబోతే వద్దని, చెరిపి నేనే మళ్లీ రాశాను.