నల్లకాళ్లది, లేతకాళ్లది

వలస వచ్చిన ఈ ఎడారి దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముంటాం. ఈ ఉదయం మా ఇంటి ముందు వేపచెట్టులోంచి ఓ చిన్న పిట్ట సన్నని ఈల వినబడింది. అది విన్నప్పుడల్లా నేను చేసిన తప్పు గుర్తొస్తుంది. రాజయ్య కనిపెట్టినదాన్ని ఒకరోజు నేను కనిపెట్టినట్టు చెప్పుకున్నాను.

తొంభైల్లో ఇదే ఊళ్లో, వెస్ట్ బేలో మా కంపెనీ గెస్ట్‌హౌస్‌కు రాజయ్య తోటమాలి, జగిత్యాల వైపు మనిషి. నేను ఆఫీసు గుమాస్తాను. మేనేజరు మాట తెలుగువాళ్లకూ, వాళ్ల మాట ఆయనకూ చేర్చేది నేనే. ఆయనది ఇంగ్లండ్. చూసిన పిట్టలన్నిటినీ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఎండలు తగ్గే రోజుల్లో ఐరోపా నుంచి వచ్చే రెండు పిట్టలు మాత్రం ఆయనకు అంతుచిక్కేవి కావు. చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్. రెండూ పిడికిట్లో ఇమిడేంత, రెండూ పచ్చదనం కలిసిన గోధుమరంగు. వాళ్ల దేశంలో పాట విని వేరుచేస్తారట. ఇక్కడ అవి పాడవు, ఒకేలాంటి సన్నని ఈల మాత్రం వేస్తాయి. తోటమాలికేమైనా తెలుసేమో కనుక్కోమన్నాడు.

రాజయ్య నీళ్ల పైపు కింద పెట్టి, చెట్టు మొదట్లో గెంతుతున్న పిట్టను చూపించాడు.

“రెండు ఒక్కటి గావు సారూ. గిది నల్లకాళ్లది, ఊకె తోక కిందికి గొడ్తది. చలికాలమంత ఈడనే ఉంటది. ఇంకోటి లేతకాళ్లది. నాలుగొద్దులు తిని బలుస్తది, పోతది.”

ఎలా తెలుసన్నాను. రోజూ నీళ్లు పెడుతుంటే కాళ్ల దగ్గరికే వస్తాయట, చూడక ఏం చేస్తానన్నాడు.

మేనేజరుకు చెప్పేటప్పుడు ‘రాజయ్య అంటున్నాడు’ అన్న ముక్క వదిలేశాను. చదువుకున్న నాకు తెలియనిది అతనికి తెలుసనడం చిన్నతనమనిపించింది. రెండు రోజులు పిట్టల కాళ్లే చూసి, మేనేజరు సంబరపడి ఆ పేజీలో నా పేరు రాశాడు. తన పాత బైనాక్యులర్స్ తోటలోనే నా మెడలో వేశాడు. పక్కనే ఉన్న రాజయ్యకు ఇంగ్లీషు రాదు. కానీ నా పేరూ, పిట్ట కాళ్ల వైపు తిరిగిన ఆయన వేలూ చాలు, అతనికి సంగతి తెలియడానికి.

సాయంత్రం పనివాళ్ల క్యాంప్ బస్సు ఎక్కబోతూ రాజయ్య ఒక్కటే అడిగాడు. “మీరెన్నడు జూసిన్రు సారూ?” అందులో ఎగతాళి లేదు. ఇంకో మనిషి కూడా వాటిని చూశాడేమో తెలుసుకోవాలన్న ఆశ ఉంది.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. బైనాక్యులర్స్ రాజయ్య చేతికిచ్చాను. కళ్లకు పెట్టుకుని, తీసేశాడు.

“దగ్గరిది మసక మసక గొడ్తుంది. మీరే ఉంచుకోన్రి. బుక్కుల నా పేరు మాత్రం తెలుగుల రాయున్రి, నేను సదువుకోవాలె.”

మేనేజరు నోటుపుస్తకం నా ముందుకు జరిపాడు. నా పేరు కొట్టేసి, పెద్ద అక్షరాలతో రాజయ్య అని రాశాను.