బావి సీనుకు హారతి

మా గ్రూపులో అందరూ నన్ను ‘అన్నా’ అంటారు. అరవై దాటిన రిటైర్డు టీచరమ్మ ఒకావిడ అనంతపురంలో మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఒక సినిమా హీరో అభిమానుల ఫోను గ్రూపులో కూర్చుని ఉంటుందని వాళ్ళు మాత్రం ఎలా ఊహిస్తారు పాపం. నా ఫోటో ఉండాల్సిన చోట హీరో బొమ్మ పెట్టుకున్నాను, నోరు విప్పకుండా దండాల బొమ్మలు పంపిస్తుంటాను, దాంతో నేనెవరో పెద్ద అభిమానిననుకుని మర్యాద ఇస్తున్నారు. మొన్న వేసవిలో ఒక పొద్దున, కాఫీ ఇంకా చల్లారకముందే, ఆ గ్రూపు రాయి తగిలిన తేనెతుట్టెలా లేచింది. మా హీరో పాత సినిమా ఒకటి, కొంత భాగం మా వైపే తీసినది, ఇప్పుడొక కొత్త కుర్రవాడితో మళ్ళీ తీస్తున్నారట. ‘మా దేవుని సినిమా ముట్టుకుంటే ఊరుకోం’ అని ఒకరు. ‘ముందు రానీప్పా, వచ్చినాంక తిడుదువు’ అని ఇంకొకరు. రాప్తాడాయన ఒకడు ‘రీమేకు అంటే నిన్నటి సంగటికి ఈపొద్దు తిరగవాత ఏసినట్ల’ అని రాస్తే నవ్వాపుకోలేకపోయాను.

ఆ గోల మధ్యలో పామిడి నుంచి ఒక మెసేజి వచ్చింది. ‘అన్నలారా, కొత్తదాంట్లో ఏమన్నా మార్చుకోనీ, బావి సీను మాత్రం ఉండాల. ఆ సీనుకు హారతి ఇచ్చేది మా తట్టు ఆచారం.’ దాని కింద వరసగా దండాలు. ఎవరో తెలియక అడిగారు, ‘హీరో ఎంట్రీకి గదన్నా హారతి ఇచ్చేది, ఆడ హీరోనే లేడు, బావి కాడ ఎందుకు?’ అని. ‘ఎందుకో తెలీదప్పా, ఇయ్యాల, అంతే’ అని జవాబు. నేను ఫోను బోర్లించి పెట్టేశాను. ఎందుకో తెలిసిన మనుషులు ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం. అందులో ఒకరికి తెలిసింది తప్పు.

మాది గార్లదిన్నె పక్కన పల్లె. అక్కచెల్లెళ్ళిద్దరినీ అన్నదమ్ములిద్దరికీ ఇచ్చారు, కాబట్టి మా అమ్మా, చిన్నమ్మా ఒకే ఇంట్లో రెండు పొయ్యిల దగ్గర ఉండేవారు. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో నాయనకు కూడా తికమకే. ముఖాలు చూస్తే మాత్రం అమ్మ గంభీరం, చిన్నమ్మ తుంటరి. నవ్వొస్తే కొంగు పళ్ళ కింద పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వేది, ఆ నవ్వు ఎందుకో చెప్పేది కాదు. చిన్నాయనవి గొర్రెలు. గొర్రెలు కాసేవాడు ఇంటికి చుట్టమే. వానలు లేని ఏడు మందను తోలుకుని కర్ణాటక పక్క గడ్డి వెతుక్కుంటూ పోయేవాడు, నెలల తరబడి ఎక్కడున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఏడు కూడా వాన లేదు. ‘ఆ ఏడు కూడా’ అని మాట వరసకు అన్నాను గానీ, మా వైపు వాన పడిన ఏడే చెప్పుకోవలసిన ఏడు.

వాన లేకపోవడం చూసే సినిమావాళ్ళు మా ఊరికి వచ్చారు. కథలో కరువు కావాలట. మాకు అక్కర్లేనిది వాళ్ళకు అవసరమై, దానికోసం వ్యాన్ల మీద అంత దూరం రావడం మా ఊళ్ళో చాలా రోజులు హాస్యమైంది. ‘ముందే చెప్పింటే మేమే పంపిస్తాంటిమి గదప్పా’ అని నాయన ఒకాయనతో అన్నాడు. ఊరి బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడాలి, అదీ సీను. పదిమంది కావాలి. కానీ వెలిసిపోయిన చీరలు కెమెరాకు ఆనవు, రంగు చీరలు కట్టుకుని రమ్మన్నారు. అమ్మకున్న మూడు చీరలూ ఎండకు వెలిసి ఒకే రంగులోకి వచ్చేశాయి. చిన్నమ్మ దగ్గర పెళ్ళినాటి చీర ఉంది, మిరపపండు రంగు, ఆకుపచ్చ అంచు. కానీ చిన్నమ్మకు రెండు రోజులుగా చలిజ్వరం. మంచం మీద నుంచే పెట్టె చూపించి, “నేను యాడ పోతానక్కా, నా చీరనన్నా పోయి రానీ” అంది.

అమ్మ ఆమెకు గంజి తాగించి, తల దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి, ఆ చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను హీరోను చూశాను. గోడల మీద ఉన్నంత పొడుగు లేడు. గొడుగు కింద కూర్చుని సోడా తాగుతూ ఈగలను తోలుకుంటున్నాడు. ఆయన్ను చూడడంలో పడి నేను బావి వైపే చూడలేదు. అమ్మ బిందె చంకనెత్తుకుని రెండుసార్లు అటు నడిచింది, ఒకసారి వెనక్కి తిరిగింది, అయిపోయిందన్నారు. మేం ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ, చిన్నాయన ఇంట్లో వదిలిపోయిన గొంగడి ముసుగేసుకుని చెమటలు కక్కుతూ ఆయాసపడుతోంది. జ్వరం ముదిరిందనుకున్నాం. నిజంగానే ముదిరింది. కళ్ళు పచ్చబడ్డాయి, పామిడి డాక్టరు మందిచ్చాడు, పన్నెండో రోజు పోయింది. గొర్రెలు తోలేవాళ్ళ ద్వారా నోటి మాటగా చిన్నాయనకు కబురు పోయి, ఆయన మూడు రోజులు నడిచి వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది. ఆ మిరపపండు చీర ఆమెతోనే పంపించారు. ఫోటో లేదు. శెనక్కాయ చేతికొస్తే పామిడి స్టూడియోలో దిగుదామనుకున్నారట, చేతికి రాలేదు.

మరుసటి ఏడు సినిమా పామిడికి వచ్చింది. ఊరంతా బండ్లు కట్టుకుని పోయాం, మా బావి తెర మీద పడుతుందంటే పోకుండా ఎట్లా. అప్పటికే ఆ ప్రింటు ఎన్నో ఊళ్ళు తిరిగి గీతలు పడి ఉంది. తెర నిండా సన్నటి జల్లు కురుస్తున్నట్టే. మా బావి మీద అంత వాన నేను తర్వాత కూడా చూడలేదు. ఆ గీతల మధ్య మిరపపండు చీర ఒకటి బిందెతో నడిచింది, తిరిగింది, ముఖం మసక. మగవాళ్ళ వైపు నుంచి చిన్నాయన లేచి నిలబడ్డాడు. “అద్దో! అద్దో నా పెండ్లాం!” అని అరిచాడు. షూటింగు నాడు ఆయన ఊళ్ళో లేడు కదా, చీర చేతులు మారిన సంగతి ఎవరు చెప్పారు గనక, తెలిసిన ఊరివాళ్ళకూ ఆయన్ని చూశాక చెప్పే మనసు రాలేదు. నేను నోరు తెరిచాను. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తుంది. “నోరెత్తితివంటే సంపుతా” అంది, ఏడుస్తూ.

ఆ రోజు నుంచి చిన్నాయన ఆ సినిమా ఎక్కడ ఆడితే అక్కడికి పోయాడు. కొబ్బరికాయ తీసుకుపోయేవాడు. హీరో వచ్చినప్పుడు కుర్రాళ్ళంతా కాగితాలు ఎగరేసి గంతులేస్తుంటే ఈయన తలకాయ దించుకుని కూర్చునేవాడు. బావి రాగానే లేచి, తెర దగ్గరికి నడిచి, కొబ్బరికాయ మీద కర్పూరం వెలిగించి తిప్పేవాడు. మొదట్లో తిట్టారు. “ఏమప్పా, హీరో వచ్చి పోయినాంక నిద్ర లేస్తివా?” అని ఎగతాళి చేశారు. ఆయన చెప్పుకోలేదు, అదేమో ఆయన పద్ధతి. తర్వాత అభిమాన సంఘం ప్రెసిడెంటుకు ఈ ముసలాయనలో ఏదో మహత్తు ఉందని తోచింది. అప్పటికి చిన్నాయనకు ముప్పై ఐదేళ్ళు, దిగులుకు ముసలివాడయ్యాడు అంతే. బావి సీనుకు హారతి ఇస్తే ఆట కలిసొస్తుందని మాట పుట్టింది. గార్లదిన్నెలో ఇచ్చారు, పామిడిలో ఇచ్చారు, అనంతపురంలో ఇచ్చారు. కారణం తెలిసిన ఆచారాన్ని ఎవరైనా ప్రశ్నిస్తారు, తెలియనిదాన్ని ఎవరూ కదిలించరు. చిన్నాయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ‘సినిమా పిచ్చోడు’ అన్న పేరు ఒప్పుకుని బతికాడు.

అమ్మ ఆ సినిమా మళ్ళీ చూడలేదు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి, చిన్నాయనకు చెప్పేద్దామా అని అడిగాను. “ఆయప్పకు మిగిలింది అదొకటే. అది గూడా గుంజుకుంటామా?” అంది. అమ్మ బాధ అది కాదని నాకు తెలుసు. “జరంతో వణుకుతాండేదాన్ని ఒంటిగా ఇడిసిపెట్టి, దాని చీర కట్టుకోని కులుకను పోతి గదే” అని జీవితమంతా కుమిలింది. ఆరేళ్ళ కిందట పోయేముందు కూడా, మగతలో, చెంబులో నీళ్ళున్నాయో లేదో చూడమని నాకు చెబుతూనే ఉంది.

ఇక మొన్నటి వేసవి సంగతి. కొత్త సినిమాకు ఊపు తేవడానికి పాతదాన్ని శుభ్రం చేసి ఒక్క రోజు, ఒక్క ఆట మాత్రం అనంతపురంలో వేస్తారని గ్రూపులో వచ్చింది. పాతదీ, శుభ్రం చేసినదీ పక్కపక్కన పెట్టి ముక్క చూపించారు. గీతలు లేవు. హీరో మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. గ్రూపంతా పూనకాలు, నాకు మాత్రం బావి సీను గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ ముఖాన్ని మసక కాపాడింది. పైగా చిన్నాయనకు పోయినేడే దగ్గరుండి కంటి ఆపరేషన్ చేయించింది నేనే, ఇప్పుడు ఆయన చూపు నాకంటే మేలు.

ఎవరు చెప్పారో, ఆ ఆదివారం ఊరికి పోతే నులక మంచం మీద కూర్చుని ఉన్ని వడుకుతూ ఆయనే అడిగాడు. “మళ్ళా ఏస్తారంట గదా పాపా, నన్ను తోడుకోని పో.” ఎనభై ఐదేళ్ళ మనిషి, కళ్ళలో పండగ. నేను ముందే అనుకుని పోయిన అబద్ధం చెప్పాను. “ఆ బావి సీను కోసేసినారంట చిన్నాయనా, సినిమా పొడుగైందని.” కదురు ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది. “అయితే ఎందుకులే” అన్నాడు.

మ్యాట్నీకి నేను ఒక్కదాన్నే పోయాను. హాలు నిండా పిల్లలు, నా మనవలంత వాళ్ళు. బావి వచ్చింది. మిరపపండు చీర నడిచింది, తిరిగింది. అమ్మ. ముప్పై ఏళ్ళ అమ్మ, కెమెరా వైపు చూడొద్దన్నా చూసేసి, సిగ్గుపడి తల తిప్పుకున్న అమ్మ. నా కూతురికంటే చిన్నది. హాల్లో కుర్రాళ్ళు కర్పూరం వెలిగించారు. కెమెరా మెల్లగా ఎడమకు జరిగింది. బావి పక్కన గొర్రెలకు నీళ్ళు పోసే రాతి తొట్టి ఉండేది. పాత ప్రింటులో అది నల్లటి మచ్చ, అంతే. ఇప్పుడా నలుపులో నల్ల గొంగడి కప్పుకుని ఒక మనిషి కూర్చుని ఉంది, ఎర్ర అంచు గొంగడి, చిన్నాయనది. కొంగు పళ్ళ కింద పెట్టుకుని, బిందెతో తడబడుతున్న అక్కను చూసి, భుజాలు కదిలేలా నవ్వుతోంది. నేను లేచి “చిన్నమ్మా!” అని అరిచాను. హీరోను పిలుస్తున్నానేమో అనుకుని వెనక వరసవాళ్ళు ఈల వేశారు. అంతలోనే సీను మారిపోయింది.

జ్వరంతో ఒంటరిగా వణుకుతూ ఉందని అమ్మ ఏడ్చిన ఆ పగలంతా ఆమె అక్కడే ఉంది. ఎవరికీ చెప్పకుండా వచ్చి, మాకంటే ముందు పరుగెత్తి ఇల్లు చేరి, మంచమెక్కి ముసుగేసింది. ఆ ఆయాసం జ్వరానిది కాదు. చెప్పాలంటే అమ్మ లేదు.

మరునాడు ఊరికి పోయాను, ఏం చెప్పాలో తెలియకుండానే. “పోయినావంట గదా. పిల్లోల్లు గోల చేసినారా?” అన్నాడు చిన్నాయన. “చేసినారు. బావి కాడ హారతి గూడా ఇచ్చినారు” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. కదురు ఆగింది.

“సీను కోసేసినారంటివే?”

“కోయలేదు. నేనే అబద్ధం చెప్పినా.”

అంతా చెప్పాను. చీర సంగతి, గిల్లిన సంగతి, తొట్టి సంగతి. కదురు పక్కన పెట్టాడు. తర్వాత, “అయితే ఇన్నేండ్లు మా వదినకు హారతి ఇచ్చినానా” అన్నాడు. “ఆయమ్మ ఎట్ల ఓర్చుకునిందో.” మళ్ళీ, చిన్నపిల్లలు భయంగా అడిగినట్టు అడిగాడు.

“ఏ పక్క?”

“ఎడమ పక్క చిన్నాయనా. తొట్టి మీద.”

“నా గొంగడేనా?”

“నీదే. నవ్వుతాండె.”

“ఆ పక్కకు నేను ఒక్కసారి గూడా చూల్లేదు పాపా. ఎర్ర చీర కనపడతానే దాన్నే చూస్తాంటి.” కన్నీళ్ళు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు. “మీయమ్మ ఉండింటే బాగుండు. ఆయమ్మకు చెప్పింటే నిద్రపోతాండె.” తర్వాత, “మళ్ళా ఏస్తారా?” అన్నాడు.

గ్రూపులో అడిగాను. ఇన్నాళ్ళలో నేను రాసిన మొదటి మాట అదే. ‘ఏయరన్నా, కొత్తదానికి ప్రచారం కోసం ఏసినారు అంతే. కొత్తదాంట్లో బావి సీను ఇంకా పెద్దగా తీస్తాండారంట, హారతి రెడీ పెట్టుకో’ అని జవాబొచ్చింది. కాలం మనుషులను దాచేస్తుందని అంటారు. మా చిన్నమ్మను మాత్రం యాభై ఏళ్ళు దాచి, అంత వెలుగులో ఒకే ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టి చూపించింది, చూడవలసిన ఇద్దరిలో ఒకరు భూమి మీద లేని రోజున, ఒకరిని నేను రానివ్వని రోజున.